52లోంచి 38 తీస్తే 26: టీచర్ల శిక్షణ మొదలవ్వాల్సింది ఇక్కడే

మూడో తరగతి నోటుబుక్కులో ఒక తీసివేత. 52లోంచి 38 తీస్తే 26 అని రాసి ఉంది. టీచరు ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టి, పక్కన 14 అని వేసి పేజీ తిప్పేస్తారు. ఇంకా ముప్పై పుస్తకాలు దిద్దాలి, భోజనం వివరాలు యాప్‌లో ఎక్కించాలి, పక్క తరగతిలో గోల వినిపిస్తోంది. ఆ తొందరను తప్పుపట్టలేం. కానీ ఆ 26 మాత్రం ఊరికే వచ్చింది కాదు. పిల్లవాడు పదుల వరసలో 5లోంచి 3 తీశాడు, 2 వచ్చింది. ఒకట్ల వరసలో పైన 2, కింద 8 ఉన్నాయి. పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలని ఎప్పుడో విన్నాడు కాబట్టి 8లోంచి 2 తీసి 6 వేశాడు. వాడి లెక్క ప్రకారం అది సరైన జవాబే. ఇదే పిల్లవాడిని 71లోంచి 45 తీయమంటే 34 అంటాడు, 60లోంచి 27 తీయమంటే 47 అంటాడు. ఇలాంటివి ఇంకో ఇరవై ఇస్తే అదే తప్పు ఇరవై సార్లు చేసి, దాన్నే గట్టిగా నేర్చుకుంటాడు.

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల బడుల్లో టీచర్ల శిక్షణ గురించి ఏం మాట్లాడుకున్నా, ఈ 26 దగ్గర మొదలుపెట్టడం మంచిది. ఎందుకంటే శిక్షణ పనిచేసిందో లేదో తేల్చేది సర్టిఫికెట్టూ కాదు, హాజరు పట్టికా కాదు. ఈ 26ని చూసిన టీచరు ఆ తర్వాత రెండు నిమిషాల్లో ఏం చేస్తారన్నదే తేలుస్తుంది.

మనవైపు అలవాటుగా చెప్పేది "పక్కనుంచి ఒకటి అప్పు తెచ్చుకో" అని. ఆ ఒక్క వాక్యంలో రెండు తిరకాసులున్నాయి. తెచ్చుకునేది ఒకటి కాదు, పది. ఒకటి అని విన్న పిల్లవాడు 2కి 1 కలిపి 3 చేసి, ఇప్పుడూ 8 పోదు కదా అని దిక్కులు చూస్తాడు. ఇక రెండోది అప్పు అనే మాట. అప్పంటే తిరిగి ఇవ్వాలి, ఇక్కడ ఎవరూ తిరిగి ఇవ్వరు. నిజానికి జరుగుతున్నది చిల్లర మార్చడం. చేతిలో ఐదు పది రూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్లలు ఉన్నాయి, 38 రూపాయలు ఇవ్వాలి. ఒక పది నోటు మార్చుకుంటే నాలుగు నోట్లు, పన్నెండు బిళ్లలు. డబ్బు పెరగలేదు, తగ్గలేదు, రూపం మారిందంతే. విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్లో అమ్మ పక్కన కూరగాయల దగ్గర కూర్చునే పిల్లలకు ఈ పని రోజూ అలవాటే. అప్పు బదులు చిల్లర అన్న ఒక్క మాట మార్పుతో తరగతి గది ఎంత తేలికపడుతుందో! అయితే ఈ మార్పు ఎందుకు చేస్తున్నారో టీచరుకు తెలియాలి. తెలియకపోతే చిల్లర కూడా ఇంకో బట్టీ మాటగా మిగిలిపోతుంది.

మార్కెట్ లెక్క దానంతటదే బడి లెక్కగా మారిపోదన్నది కూడా గుర్తుంచుకోవాలి. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం చేసిన పరిశోధన 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. బేరంలో చకచకా నోటితో లెక్క కట్టిన పిల్లలు అవే లెక్కలు కాగితం మీద బడి పద్ధతిలో ఇస్తే తడబడ్డారు. బడికి వెళ్లే పిల్లల్లో కాగితం మీద చేయగలిగిన చాలామంది బేరం లెక్కల దగ్గర ఆగిపోయారు. ఈ రెంటి మధ్య వంతెన కట్టేది టీచరే, ఇంకెవరూ కట్టరు.

తెలుగు ఇక్కడ మనకు ఒక మేలు చేసి పెట్టింది. ఇరవై మూడు అంటే ముందు ఇరవై, తర్వాత మూడు. రాసే వరసా పలికే వరసా ఒకటే. హిందీలో ఇరవై మూడును తేయీస్ అంటారు, మూడు ముందు వినబడుతుంది. కాబట్టి తెలుగు మీడియంలో స్థాన విలువ చెప్పేటప్పుడు అంకె పేరే సగం పాఠం చెప్పేస్తుంది. పదకొండు నుంచి పందొమ్మిది వరకే కొంచెం చిక్కు. పదమూడులో పది, మూడు వినబడతాయి గానీ పన్నెండులో ఏముందో పిల్లవాడికి తెలియదు. మొదటి తరగతిలో ఈ తొమ్మిది పేర్ల మీద ఇంకో వారం ఎక్కువ గడిపితే వచ్చే నష్టమేమీ లేదు. ఒకవైపు తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిష్ ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాక ఇది మరీ అవసరం. ట్వెల్వ్ అన్న మాటలోనూ పది వినబడదు. పిల్లవాడికి రెండు చిక్కులు ఒకేసారి ఎదురవుతున్నాయన్న సంగతి టీచరు దృష్టిలో ఉండాలి.

లెక్కలు రావడం వేరు, లెక్కలు చెప్పడానికి కావాల్సింది వేరు

అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ 1986లో ఈ తేడాను స్పష్టంగా చెప్పారు. సబ్జెక్టు తెలియడం ఒకటి, తరగతిని నడపడం ఒకటి. ఈ రెంటికీ మధ్యలో మూడోది ఉంది: ఈ పాఠంలో పిల్లలు ఎక్కడ పడిపోతారు, ఎందుకు పడిపోతారు, ఏ ఉదాహరణ పట్టుకుని లేస్తారు అన్నది. పీజీలో కొలిచేది మొదటిదాన్ని. ఇన్‌స్పెక్షన్లో కంటికి కనబడేది రెండోది. మూడోదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు, అసలు పని చేసేది మాత్రం అదే.

లిపింగ్ మా అనే పరిశోధకురాలు అమెరికా, చైనా ప్రాథమిక పాఠశాలల టీచర్లను ఒక లెక్క అడిగారు. ఒకటింముప్పావును అరతో భాగిస్తే ఎంత? దానికి సరిపడా ఒక చిన్న కథ లెక్క కూడా చెప్పమన్నారు. తిరగేసి గుణిస్తే మూడున్నర అని చాలామందికి జవాబు వస్తుంది. కథ దగ్గరే గుట్టు బయటపడింది. 23 మంది అమెరికా టీచర్లలో సరైన కథ చెప్పగలిగింది ఒక్కరే. 72 మంది చైనా టీచర్లలో 65 మంది చెప్పారు. ఎక్కువమంది తడబడింది అరతో భాగించడం, సగానికి పంచడం ఒకటే అనుకోవడం వల్ల. తెలుగులో కూడా ఈ రెండూ చెవికి దగ్గరగానే వినబడతాయి. ఒకటింముప్పావు లీటరు పాలను అరలీటరు ప్యాకెట్లలో పోస్తే ఎన్ని ప్యాకెట్లు అని అడిగితే మూడున్నర ఎందుకొచ్చిందో ఐదో తరగతి పిల్లలకు కూడా కనబడుతుంది. అదే పాలను ఇద్దరికి సమానంగా పంచితే తలా ముప్పాతిక లీటరు, ఇంకో పావులో సగం. లెక్కే వేరు.

ఆ అధ్యయనంలో మనకు ఎక్కువ పనికొచ్చే విషయం ఇంకొకటుంది. చైనా టీచర్లు అమెరికా టీచర్ల కంటే తక్కువ ఏళ్లు చదువుకున్నవాళ్లు. పాఠ్యపుస్తకం ముందు పెట్టుకుని, తోటి టీచర్లతో కూర్చుని, ఈ పాఠం ఎలా చెబుదాం అని ఏళ్లతరబడి మాట్లాడుకోవడం వాళ్ల ఉద్యోగంలో భాగం. వాళ్లకు ఆ తెలివిడి వచ్చింది అక్కడి నుంచే.

వు, మ మధ్య ఉన్నది ఒక గీత

చదవడం దగ్గరికి వస్తే పరిస్థితి ఇంకా నాజూకు. ఇంగ్లిష్ చదువు మీద జరిగినన్ని పరిశోధనలు తెలుగు చదువు మీద జరగలేదు. అందువల్ల శిక్షణ మాడ్యూళ్లలో చాలా మాటలు ఇంగ్లిష్ బడుల నుంచి దిగుమతి అయినవే. తెలుగు లిపి కష్టాలు వేరు. ఇరవై ఆరు అక్షరాలు పట్టుకుంటే పని జరిగే భాష కాదిది. వర్ణమాల, తర్వాత గుణింతాలు, తర్వాత ఒత్తులు. అన్నీ కలిపితే పిల్లవాడి కంటికి వందల ఆకారాలు. లిపిలో తెలుగుకు తోబుట్టువైన కన్నడ మీద పరిశోధకురాలు సోనాలి నాగ్ చేసిన అధ్యయనాలు ఒక ముఖ్యమైన విషయం తేల్చాయి. ఇలాంటి లిపిలో అక్షరాలన్నీ పట్టుబడటానికి నాలుగో తరగతి దాకా పడుతుంది. అంటే రెండో తరగతిలో ఒత్తుల దగ్గర తడబడే పిల్లవాడిని మొద్దు అనడానికి ఏ ఆధారమూ లేదు. వాడు సరిగ్గా ఉండాల్సిన చోటే ఉన్నాడు.

ఆ తడబాటు ఎక్కడో వివరంగా చూస్తే టీచరు పని ఎంత సూక్ష్మమైనదో తెలుస్తుంది. వ మీద కొమ్ము మామూలుగా పెడితే అది మ అయిపోతుంది. అందుకే వుకు కొమ్ము కింద నుంచి తిప్పుతాం, పు, ఫులకూ అంతే. ఈ సంగతి పెద్దవాళ్లకు చూపు అలవాటులో కలిసిపోయింది. "ఆవు" అన్నచోట "ఆమ" అని చదివే పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు. ఒత్తుల్లో కొన్ని అసలు అక్షరాన్ని పోలి ఉంటాయి, కానీ త, న, మ, య, ర, ల ఒత్తులకు ఆ పోలికే లేదు. మరీ ఎక్కువగా వాడేవి కూడా ఇవే: అత్త, అన్న, అమ్మ, పిల్లలు. "అమ్మ" అని గడగడా చదివే పిల్లవాడు నిజంగా మ ఒత్తును చదువుతున్నాడా, లేక మాట మొత్తాన్ని బొమ్మలా గుర్తుపడుతున్నాడా అని తెలుసుకోవడానికి "నిమ్మ", "చిమ్మట" అని రాసి చూపిస్తే చాలు. అరనిమిషం పని. ఆ అరనిమిషం పరీక్షను ఎప్పుడు, ఎవరికి, ఎలా పెట్టాలో నేర్పేదే చదువు చెప్పడంలో అసలైన శిక్షణ.

వేగం గురించి కూడా ఒక మాట. 2021 జూలై 5న కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్, 2026-27 నాటికి మూడో తరగతి ముగిసేలోపు ప్రతి పిల్లవాడికీ చదవడం, చిన్న లెక్కలు రావాలని లక్ష్యం పెట్టుకుంది. మూడో తరగతికి నిమిషానికి కనీసం 60 మాటలు అర్థంతో చదవాలని అందులో ఉంది. తెలుగులో మాటంటే ఏమిటి? "వెళ్లిపోయారనుకున్నారట" ఒక్క మాటే. ఇంగ్లిష్‌లోనో హిందీలోనో అది ఐదారు మాటలవుతుంది. జాతీయ విద్యా పరిశోధన సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ 2022లో 20 భాషల్లో చేసిన సర్వేలో భాషకో ప్రమాణం పెట్టింది ఇందుకే. గడియారం పట్టుకుని పిల్లవాడిని తొందరపెట్టే ముందు టీచరుకు ఇది తెలిసి ఉండాలి. లేకపోతే పిల్లవాడికి టెన్షన్, టీచరుకు టెన్షన్, చదువు మాత్రం అక్కడే.

విజయవాడ, గుంటూరు బడుల్లో ఇంకో వాస్తవం ఉంది. కృష్ణా, గుంటూరు యాస పాఠ్యపుస్తకం భాషకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఇక్కడి పిల్లలకు భాష సమస్య లేదనుకుంటారు. వించిపేటలో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు, గుంటూరు చుట్టుపక్కల తండాల నుంచి వచ్చే లంబాడా పిల్లలు, కట్టడం పనులకు ఒడిశా నుంచి వచ్చినవాళ్ల పిల్లలు అదే తరగతిలో కూర్చుంటారు. వాళ్లకు అక్షరం కొత్త, మాటా కొత్త. చదివింది అర్థం కాలేదంటే లిపి దగ్గర ఆగారా, మాట దగ్గర ఆగారా అని విడదీసి చూడాలి. రెంటికీ మందు ఒకటి కాదు.

పల్లెల్లో పిల్లల చదువును ఇంటింటికీ వెళ్లి చూసే అసర్ సర్వేలో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 22.6 శాతం, 2022లో 10.3 శాతం. మధ్యలో కొవిడ్ మూసివేత ఉంది. ఇది పల్లెల లెక్క, విజయవాడ నగరం ఇందులో లేదు. అయినా కొవిడ్‌కు ముందే నలుగురిలో ఒకరు కూడా లేరన్న సంగతిని దాటిపోకూడదు.

శిక్షణ దారిలో ఎక్కడ కారిపోతుంది

ఇప్పుడున్న పద్ధతి ఒక కాలువ లాంటిది. పైన రాష్ట్ర స్థాయిలో విద్యా పరిశోధన, శిక్షణ మండలి ఎస్‌సీఈఆర్‌టీ మాడ్యూలు తయారుచేసి కీ రిసోర్స్ పర్సన్లకు శిక్షణ ఇస్తుంది. వాళ్లు జిల్లా వాళ్లకు, జిల్లా వాళ్లు మండల వాళ్లకు, వాళ్లు మిగతా టీచర్లకు. కాలువ చివర ఉన్న పొలానికి ఎంత నీరందుతుందో డెల్టా రైతుకు వేరే చెప్పక్కర్లేదు. ముందు కారిపోయేది చర్చ, తర్వాత ప్రశ్నలు, చివరికి చేరేది పీపీటీ. "పిల్లల స్థాయిని బట్టి బోధించాలి" అన్న వాక్యం క్షేమంగా చేరుతుంది. ఆ స్థాయిని ఎలా కనుక్కోవాలన్నది దారిలో పోతుంది.

జాతీయ విద్యావిధానం 2020 ప్రతి టీచరుకు ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. అంతకుముందు 2019లో టీచర్ల శిక్షణకు కేంద్రం పెట్టిన నిష్ఠ కార్యక్రమం వచ్చింది. కొవిడ్ రోజుల్లో అది దీక్షా అనే ప్రభుత్వ వేదిక మీద ఆన్‌లైన్‌లోకి మారింది, ప్రాథమిక చదువు, లెక్కల మీద ప్రత్యేక కోర్సులు కూడా పెట్టారు. వాటిలో మంచి పాఠాలు ఉన్నాయి. కానీ వీడియో ఒకవైపు నడుస్తుంటే ఇంకోవైపు రిజిస్టరు నింపుకునే పరిస్థితి టీచర్లది. గంటలు లెక్కపెట్టడం సులువు కాబట్టి లెక్కపెడుతున్నారు.

జిల్లా శిక్షణ సంస్థల (డైట్‌ల) సంగతి కూడా చూడాలి. 1986 విద్యావిధానం తర్వాత వచ్చిన డైట్‌లు టీచర్లకు దగ్గరగా ఉండాలన్నదే ఉద్దేశం. గుంటూరుకు బోయపాలెం, విజయవాడకు అంగలూరు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాక బోయపాలెం పల్నాడు జిల్లాలోకి వెళ్లింది, అంగలూరు కృష్ణా జిల్లాలో ఉండిపోయింది. అంటే ఈ రెండు నగరాల టీచర్లు దశాబ్దాలుగా చూసిన డైట్‌లు ఇప్పుడు పక్క జిల్లాల్లో ఉన్నాయి. పేరు ఎక్కడున్నా, డైట్ లెక్చరర్ నెలకు ఎన్ని ప్రాథమిక తరగతి గదుల్లో వెనక బెంచీలో కూర్చున్నారన్నదే అసలు ప్రశ్న.

నిజానికి ఈ రాష్ట్రానికి ఈ విషయంలో మంచి గతమే ఉంది. 1980లలో బ్రిటన్ సాయంతో మొదలైన ఏపీపీఈపీ అనే ప్రాథమిక విద్యా పథకంలో టీచర్ సెంటర్లు పెట్టారు. చుట్టుపక్కల బడుల టీచర్లు అక్కడ కలుసుకుని పాఠాలు తయారుచేసుకునేవారు. గుంపుల్లో పని, చేసి తెలుసుకోవడం, పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించడం లాంటి ఆరు సూత్రాలు చెప్పారు. విద్య మీద కేంద్రం వేసిన కొఠారీ కమిషన్ సూచించిన స్కూల్ కాంప్లెక్స్, అంటే చుట్టుపక్కల బడులను ఒక గుంపుగా కలిపే ఆలోచనా ఇలాంటిదే. ఇప్పుడు జరిగే కాంప్లెక్స్ మీటింగులు ఆ వారసత్వమే. వేదిక ఉంది, తేదీ ఉంది, టీచర్లు వస్తున్నారు. లోపల ఏం జరుగుతుందన్నదే తేడా. సర్క్యులర్లు చదివి, యాప్ సమస్యలు మాట్లాడుకుని, ఒక డెమో పాఠం చూసి టీ తాగితే పూట గడిచిపోతుంది. డెమోలో టీచరు బాగా చెప్పారా అని చూస్తారు. పిల్లలకు ఏం అర్థమైందని చూసేది తక్కువ.

ఏది పనిచేస్తుందో తెలుసు

దక్షిణాఫ్రికాలో సెత్స్వానా భాషలో చదవడం నేర్పే టీచర్ల మీద ఒక పోలిక జరిగింది. రెండు గుంపులకూ ఒకే పాఠ్య ప్రణాళికలు, ఒకే పుస్తకాలు ఇచ్చారు. ఒక గుంపును హాల్లో కూర్చోబెట్టి శిక్షణ ఇచ్చారు. ఇంకో గుంపు దగ్గరికి కోచ్‌లు క్రమం తప్పకుండా తరగతి గదికే వెళ్లారు. రెండేళ్ల తర్వాత చూస్తే కోచ్‌లు వెళ్లిన బడుల్లో పిల్లల చదువు మెరుగుదల హాల్లో శిక్షణ పొందిన గుంపుతో పోలిస్తే దాదాపు రెట్టింపు. పుస్తకాల్లో తేడా లేదు, శిక్షణ ఎక్కడ ఇచ్చారన్నదే తేడా.

మన దగ్గరి రుజువు ఇంకా ముఖ్యం. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఇదే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రాథమిక బడుల్లో ఒక ప్రయోగం చేశారు. ఏడాది మొదట్లో పిల్లలకు తెలుగు, లెక్కల పరీక్ష పెట్టి, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో వివరమైన రిపోర్టులు టీచర్లకు ఇచ్చారు, అప్పుడప్పుడు తరగతికి వెళ్లి చూశారు. చూసేవాళ్లు వచ్చినప్పుడు టీచర్లు ఇంకొంచెం చురుగ్గా కనబడ్డారు. ఏడాది చివర్లో పిల్లల మార్కుల్లో మాత్రం తేడా రాలేదు. 2010లో అచ్చయిన ఈ ఫలితం ఏడాది మొదట్లో పెట్టే బేస్‌లైన్ పరీక్షలను నమ్ముకునే ప్రతి పథకానికీ హెచ్చరిక. పిల్లవాడు తీసివేతలో వెనకబడ్డాడని టీచరుకు ముందే తెలుసు. 26 ఎలా వచ్చిందో, దాన్ని ఎలా సరిచేయాలో రిపోర్టు చెప్పదు.

హర్యానాలో 2012-13లో స్థాయిని బట్టి బోధించే పద్ధతిని ప్రభుత్వ టీచర్లతోనే నడిపినప్పుడు హిందీ చదవడంలో మెరుగుదల వచ్చింది. రెండు కారణాలు కనబడతాయి. దానికంటూ టైంటేబుల్‌లో రోజూ ఒక గంట కేటాయించారు. పర్యవేక్షించే అధికారులు ముందు తామే పిల్లలకు ఆ పద్ధతిలో చెప్పి చూశారు. రెండోది ఇక్కడా పెట్టుకోదగ్గ నియమం: మూడో తరగతిలో ఒత్తులు చెప్పి చూడని వ్యక్తి ఆ పాఠం మీద రిమార్కు రాయకూడదు.

కోచింగ్ మీద 60 అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణ ఇంకో జాగ్రత్త చెబుతుంది. కోచింగ్ టీచరు పనితీరును బాగా మారుస్తుంది గానీ, కార్యక్రమం పెద్దదయ్యేకొద్దీ ఫలితం పలచబడుతుంది. ఒక్క జీవోతో రాష్ట్రమంతా కోచ్‌లను ప్రకటిస్తే వచ్చేది ఇన్‌స్పెక్టర్లే. టీచరు తన తప్పును దాచుకునేది మార్కులు వేసేవాళ్ల ముందు. సాయం చేయడానికి వచ్చినవాళ్లే రిపోర్టు కూడా పైకి పంపితే ఆ టీచరు ఎప్పటికీ బాగా వచ్చిన పాఠమే చెప్పి చూపిస్తారు, కష్టంగా ఉన్నది దాచేస్తారు. బడుల మధ్య తిరిగే క్లస్టర్ రిసోర్స్ మొబైల్ టీచర్లు ఈ పనికి సరిపోయేవాళ్లే. వాళ్లను వివరాల సేకరణ నుంచి కొంతైనా విడిపించాలి.

కొత్తగా పెట్టాల్సింది పెద్దగా ఏమీ లేదు. కాంప్లెక్స్ మీటింగుకు వచ్చే ప్రతి టీచరు తన తరగతి నుంచి మూడు నోటుబుక్కులు తెస్తే చాలు, పిల్లల పేర్లు కనబడకుండా. ఈ నెల తీసివేత, వచ్చే నెల ఒత్తులు, ఆ తర్వాత భిన్నాలు. తప్పులు బల్ల మీద పరిచి, ఇది ఎలా వచ్చింది అని గంటన్నర మాట్లాడుకోవాలి. కృష్ణలంక బడిలో కనబడిన తప్పే మంగళగిరి బడిలోనూ కనబడుతుంది. అప్పుడు అది తన చేతకానితనం కాదని టీచరుకు ధైర్యం వస్తుంది. ఒక తప్పుకు ఒక మందు ఎంచుకుని, నెలంతా ప్రయత్నించి, మళ్లీ అవే మూడు పుస్తకాలు తేవాలి.

16,347 పోస్టుల మెగా డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష)తో వచ్చిన కొత్త టీచర్లకు ఇది ఇంకా ముఖ్యం. పోటీ పరీక్ష నెగ్గారు కాబట్టి లెక్కలు వాళ్లకు వచ్చు. తీసివేత అర్థం కాని పిల్లవాడి బుర్రలోకి తొంగిచూసే అలవాటు ఇంకా రాలేదు, అది పరీక్షకు చదివి వచ్చేది కాదు. వాళ్ల మొదటి రెండేళ్లలో పక్కన కూర్చునే అనుభవజ్ఞులైన ఎస్జీటీలు (ప్రాథమిక తరగతుల టీచర్లు) దొరికితే ముప్పై ఏళ్ల సర్వీసుకు పునాది పడుతుంది. ప్రైవేటు బడుల సంగతి వేరే. ఈ రెండు నగరాల్లో వాటిలో చదివే పిల్లలు చాలామంది. అక్కడి ప్రాథమిక టీచర్లకు ప్రభుత్వ కాంప్లెక్స్ మీటింగుల్లో చోటు లేదు, చాలాచోట్ల యాజమాన్యాలు ఇచ్చేది పుస్తకాల కంపెనీ వాళ్ల డెమోనే. నోటుబుక్కుల బల్ల దగ్గర వాళ్లకూ రెండు కుర్చీలు వేస్తే నష్టపోయేవాళ్లు ఎవరూ లేరు.

అన్నిటికంటే కష్టమైన ముడి ఏకోపాధ్యాయ బడి. అక్కడి టీచరు శిక్షణకు వెళ్తే బడి మూసినట్టే, వెళ్లకపోతే శిక్షణ పోయినట్టే. సర్దుబాటు కింద ఒకరోజు పక్క బడి టీచరును పంపుతారు, ఆ రోజు ఆ బడిలో ఇంకో తరగతి ఖాళీ అవుతుంది. కాబట్టి కోచ్ ఎక్కడికి ముందు వెళ్లాలి అన్న ప్రశ్నకు జవాబు ఇదే. ఐదు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకున్న టీచరు దగ్గరికి ముందు వెళ్లాలి. వెళ్లినవాళ్లు మొదటి గంట నాలుగు, ఐదు తరగతులను తాము చూసుకుని, మూడో తరగతి పక్కన ఒక్క పిల్లవాడితో నింపాదిగా కూర్చునే వీలు ఆ టీచరుకు కల్పించాలి. 26 ఎలా వచ్చిందో చెప్పు నాన్నా, అని అడిగేంత టైము.